ఆపద నీళ్లు పోసినవాడు

తార్హేలియా సైలేమా కుట్టిన బూటుని ఎటు తిప్పి చూసినా కుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. అంబాతో ఊళ్లో బూట్ల పనివాళ్లు ఆమె గురించి మొదట చెప్పే మాట ఇది. రెండో మాట చెప్పరు. చెప్పాల్సి వచ్చేసరికి ఎవరో ఒకరు వర్షం సంగతో, పిల్లల సంగతో ఎత్తుకుంటారు.

ఆమె పుట్టింది ఊరికి తూర్పున మిట్ట మీద. తండ్రి బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసేవాడు. తల్లి సోమవారం సంతలో ఉల్లిపాయలు అమ్మేది. బడి మానేసిన ఏడే మేనత్త ఆమెను కుట్టు మిషను ముందు కూర్చోబెట్టింది. తోలు బట్టలాంటిది కాదు, సూది ఒకసారి దిగితే ఆ రంధ్రం పూడదు, తప్పు కుడితే విప్పి సరిచేసుకునే వీలుండదు. ఆ పిల్ల అదే ఇష్టపడింది. చెయ్యి వణకనివ్వకుండా, ఊపిరి బిగబట్టి మూల తిప్పేది. తిప్పాక వదిలేది. పెళ్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఆమె ఊపిరి వదిలే చప్పుడు విని ఒక మూల అయిందని తెలుసుకునేవాళ్లు.

మొగుడు ఫౌస్తో అదే పనిలో ఇంకో కొసన ఉండేవాడు. ఆమె కుట్టిన పైతోలుని పాదం ఆకారపు చెక్క అచ్చు మీదకి లాగి, మేకులు కొట్టి, అడుగు అంటించేవాడు. ఇంటి ముందుగదే వాళ్ల కార్ఖానా. జిగురు వాసన దుప్పట్లలో కూడా ఉండేది. వీధిలో సగం ఇళ్లు అలాంటివే. ఆదివారం సాయంత్రానికి జతలు సంచుల్లోకి చేరేవి, సోమవారం సంతకు వెళ్లేవి. కొండల్లోంచి, అడవి వైపు నుంచి వచ్చే వ్యాపారులు బూటుని వంచి, వాసన చూసి, కొనుక్కుపోయేవాళ్లు.

తర్వాత ఓడల్లో బూట్లు రావడం మొదలైంది. మా వాళ్లు తోలు కొనే ధర కంటే ఆ బూటు అమ్మే ధర తక్కువ. రెండు వానలకు నోరు తెరిచే బూటే, కానీ రెండు వానల తర్వాత సంగతి సంతలో ఎవరు ఆలోచిస్తారు. వీధిలో మిషన్ల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగుతూ వచ్చింది. కుర్రవాళ్లు టాక్సీలు తోలడానికి పోయారు. మిగిలినవాళ్లు సంఘం మీటింగుకి వచ్చి ప్రభుత్వాన్ని తిట్టి, వేడి చాక్లెట్ పానీయం తాగి వెళ్లేవాళ్లు.

ఆ సంఘంలో తిట్టకుండా మాట్లాడిన మనిషి అబెలార్దో గువామాన్ మేస్త్రీ ఒక్కడే. ఫౌస్తోకి పని నేర్పింది ఆయనే. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన చెప్పేది ఏమిటంటే, మన రోగం ఓడలది కాదు, మనదే. బడిపిల్లలకు బూట్లు కావాలని సర్కారు అడిగినప్పుడు ఏ ఒక్క ఇల్లూ అన్ని జతలు ఇవ్వలేదు. పది ఇళ్లు కలిసి ఇద్దామంటే ఒకరి ముప్పై ఎనిమిదో నంబరు ఇంకొకరి ముప్పై ఎనిమిది కాదు. ఎవరి తాత చెక్కిన అచ్చు వాళ్లది. కుడికాలు ఒక ఇంటిది, ఎడమకాలు ఒక ఇంటిది అయితే ఆ పిల్ల కుంటుతూ బడికి పోవాలి. అందుకని ఊరంతటికీ ఒకే వరస అచ్చులు ఉండాలి, తోలు కోసే పెద్ద మిషను ఒకటి అందరికీ ఉమ్మడిగా ఉండాలి, పిల్లలకు పని నేర్పే గది ఒకటి ఉండాలి. ఇవన్నీ ఒక కప్పు కింద ఉండాలి.

జనం నవ్వారు. "మేస్త్రీ, మీ అచ్చులో నా కాలెందుకు దూరాలి?" అన్నాడు ఒకడు. "నీ కాలు దూరక్కర్లేదురా, కొనేవాడి కాలు దూరితే చాలు" అన్నాడాయన.

అయినా ఆయన పట్టు వదల్లేదు. ఏళ్ల తరబడి పురపాలక సంఘం మెట్లు ఎక్కి దిగి, ఊరి చివర పాత ఇటుకబట్టీ ఉన్న స్థలాన్ని బూట్ల సంఘం పేరున రాయించాడు. అంతటితో ఆగకుండా ఇంకో పని చేశాడు. అప్పటిదాకా సంఘంలో కుట్టుపని చేసే ఆడవాళ్లకు చోటు లేదు. వాళ్లు చేతిసాయం చేసేవాళ్ల కింద లెక్క. కుట్టు లేని బూటుని ఎవరైనా తొడుక్కుని చూపించండి, అప్పుడు నేను కూర్చుంటాను అని ఆయన మీటింగులో నిలబడ్డాడు. ఎవరూ తొడుక్కోలేదు. ఆడవాళ్లు సభ్యులయ్యారు. వాళ్ల తరఫున మాట్లాడటానికి తార్హేలియాను పెట్టుకున్నారు.

ఆమెకు మాట్లాడటం రాదు. పని చేయించడం వచ్చు. శనివారాలు ఊరుమ్మడి పని పెడితే, ఆడవాళ్లను పారలతో, పిల్లలతో, ఉడకబెట్టిన బంగాళాదుంపల తపేలాలతో ఆ స్థలానికి తీసుకుపోయింది. బట్టీ పెంకులు ఏరారు. నేల చదును చేశారు. పునాదికి గోతులు తీశారు. ఆ గోతుల పక్కన కూర్చుని మధ్యాహ్నం తినేటప్పుడు ఎవరి మిషను ఎక్కడ పెట్టాలో వాళ్లు పోట్లాడుకునేవాళ్లు. గోడలు లేని గదికి కిటికీ పక్క చోటు కోసం ఒకావిడ రెండు వారాలు అలిగింది. తార్హేలియా జీవితంలో అంత నవ్విన రోజులు ముందూ లేవు, తర్వాతా లేవు.

అప్పుడామె కడుపుతో ఉంది. ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఒకడు రోజు తిరక్కుండానే పోయాడు, ఇంకొకతె వారం ఉంది. ఈసారి ఎవరితోనూ చెప్పుకోలేదు, పేరు అనుకోలేదు, బట్టలు కొనలేదు. ఒక్క పని మాత్రం చేసింది. ఫౌస్తోని వెంటబెట్టుకుని వెళ్లి, బిడ్డ దక్కితే బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడమని అబెలార్దో మేస్త్రీని అడిగింది. ఆయన చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టి, రెండు చేతులూ నడుముకి కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని, సరేనన్నాడు. మర్నాడు తన కోటు ఉతకడానికి ఇచ్చాడని వీధి వీధంతా తెలిసింది.

ఇక దోన్ ఎర్నాందో విల్యాసీస్ సంగతి చెప్పాలి. ఊళ్లో బూటు అడుగులు, జిగురు, మేకులు అమ్మే పెద్ద గోదాము ఆయనది. తర్వాత ఓడబూట్లు కూడా ఆయనే తెప్పించాడు. ఎవరైనా ముఖం మీద అడిగితే, "నేను తేకపోతే ఇంకొకడు తెస్తాడు. కనీసం నా డబ్బు ఇక్కడే ఖర్చవుతుంది" అనేవాడు. చెడ్డవాడు కాదు. చావుకి ముందొచ్చేవాడు, పెళ్లికి చివర వెళ్లేవాడు. ఊరు బాగుపడే దారి అమ్మకంలో ఉంది గానీ చేతిపనిలో లేదని ఆయన నిజంగానే నమ్మాడు. సంఘం స్థలం తనకిస్తే అక్కడ పెద్ద షాపింగ్ సెంటర్ కడతానని, సభ్యులందరికీ తలా ఒక దుకాణం ఇస్తానని, ఇల్లిల్లూ తిరిగి చెప్పసాగాడు.

ఆయన తార్హేలియా ఇంటికి వచ్చిన రోజు దేశమంతా సమ్మె. రోడ్ల మీద చెట్టు మొద్దులు, కాలుతున్న టైర్లు. బండ్లు లేవు, సంత లేదు. బిడ్డ పుట్టి మూడు వారాలు. ఆయన కుర్చీలో కూర్చుని ఫౌస్తోతో మాట్లాడుతున్నాడు. లోపల బిడ్డ దగ్గు మారింది.

తల్లికి అది మొదట చెవికి కాదు, అరచేతికి తెలిసింది. బిడ్డ పక్కటెముకల మధ్య చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి పీక్కుపోతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. గొంతు కింద గుంట పడి లేస్తోంది. పెదాల చుట్టూ రంగు బూడిదలోకి తిరిగింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరుగుతోంది. ఆ ఖాళీలో ఆమె తన ఊపిరి కూడా ఆపి వింటోంది.

ఫోను చేస్తే అంబులెన్సు రాలేనంది. చర్చి ఫాదరు మూసేసిన రోడ్లకి అవతల చిక్కుకుపోయాడు. ఎదురింటి లస్తేనియా అవ్వ వచ్చి బిడ్డను ఒక్కసారి చూసి, ఆపద నీళ్లు పొయ్యమంది. ఫాదరు అందని వేళ ఎవరైనా పోయవచ్చు. నెత్తిన మూడుసార్లు నీళ్లు వదిలి, పేరు పెట్టి, తండ్రి, కొడుకు, పవిత్రాత్మ అంటే బిడ్డ పేరులేకుండా పోదు. తల్లీ తండ్రీ మాత్రం పోయకూడదు.

"నువ్వే పొయ్యి అవ్వా" అంది తార్హేలియా.

అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇదివరకు రెండుసార్లు నేనే పోశాను తల్లీ. ఇద్దరూ దక్కలేదు. ఈ చేత్తో వద్దు."

గదిలో ఇంకో మనిషి ఎర్నాందో ఒక్కడే. అబెలార్దో మేస్త్రీ ఇల్లు నాలుగు వీధుల అవతల. ఫౌస్తో గుమ్మం దాకా పరిగెత్తి, వెనక్కి చూసి, ఆగిపోయాడు. వెళ్లి వచ్చేంత సమయం ఉందో లేదో ఎవరు చెప్పగలరు. తార్హేలియా గ్లాసు తీసి ఎర్నాందో చేతిలో పెట్టింది. ఆమే పెట్టింది. తర్వాత జన్మంతా ఆ సంగతి మరిచిపోలేదు.

ఆయన టోపీ తీసేశాడు. నీళ్లు బిడ్డ నుదుటి మీదా, తల్లి మోచేతి మీదా పడ్డాయి. పేరు ఏమిటని అడిగాడు. పేరు లేదన్నారు. ఒక్క క్షణం ఆలోచించి తన చనిపోయిన తల్లి పేరు పెట్టాడు. రొసౌరా.

అక్కడితో ఆగివుంటే కథ వేరుగా ఉండేది. కానీ ఆయన బిడ్డను కోటు లోపల పెట్టుకుని నడక మొదలుపెట్టాడు. వెనక తల్లీ తండ్రీ. టైర్ల పొగ దగ్గర సమ్మెవాళ్లు అడ్డం నిలిచారు. వాళ్లలో సగం మందికి ఈయన మొహం తెలుసు, ఇష్టం లేదు. "ఇది నా జ్ఞానకూతురు. చచ్చిపోతోంది. దారివ్వండి" అన్నాడు. మొద్దు జరిపారు. అలా మూడు చోట్ల. ఆస్పత్రిలో బిడ్డ తల మీద గాజుగుమ్మటం లాంటిది పెట్టి ఆక్సిజన్ వదిలారు. ఆ రాత్రి, మర్నాడు, ఆ వారం గడిచాయి. పెదాలకు రంగు వచ్చింది.

మేస్త్రీ ఆస్పత్రికి వచ్చింది మర్నాటి పొద్దున్న. ఉతికిన కోటు వేసుకుని, వేడి కషాయం ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. వరండాలో ఫౌస్తో అంతా చెప్పాడు. ఆయన విని, ఫ్లాస్కు మూత తీసి, మళ్లీ పెట్టి, "దక్కింది కదా. ఇంకేం కావాలి" అన్నాడు.

చర్చిలో నూనె రాసే తంతు ఇంకా మిగిలి ఉంది. దానికి జ్ఞానతండ్రిగా వేరే మనిషి నిలబడవచ్చని ఫాదరే చెప్పాడు. తార్హేలియా మనసులో మేస్త్రీ పేరే ఉంది. అది పైకి చెప్పేలోపల ఎర్నాందో, ఆయన భార్య తెల్లని గౌను, కొవ్వొత్తి, విందుకు కోళ్లు తీసుకుని వచ్చేశారు. ఎర్నాందో కళ్లల్లో నీళ్లు. అమ్మ పేరు మళ్లీ ఇంట్లో వినబడుతోందని అన్నాడు. ఆ మనిషితో నువ్వు కాదు, ఇంకొకరు అని ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. చెప్పలేదు. విందుకి మేస్త్రీ వచ్చాడు. చివరి బల్ల దగ్గర కూర్చుని పులుసు తాగాడు. లస్తేనియా అవ్వతో ఒక పాటకు చిందేశాడు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి ఎర్నాందో ఆమెకు కొంపాద్రే. ఆమె ఆయనకు కోమాద్రే. మాలో బిడ్డను కన్నవాళ్లకీ జ్ఞానతండ్రికీ మధ్య ఈ చుట్టరికం రక్తానికి ఒక మెట్టు పైనే ఉంటుంది. అన్నదమ్ములు పొలం కోసం కోర్టుకెక్కుతారు, కొంపాద్రేలు ఎక్కరు. గొంతు పెంచరు. ఒకరి మాటకు ఎదురుగా నలుగురిలో చెయ్యి ఎత్తరు. ఎత్తాల్సిన పరిస్థితి వస్తే ఆ రోజు జ్వరమని ఇంట్లో పడుకుంటారు. అది అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు.

ఎర్నాందో ప్రతి ఆదివారం కొత్త రొట్టెతో వచ్చేవాడు. పిల్లకు చలికాలం రొప్పు వస్తే ఆవిరి పట్టే మిషను తెచ్చి, ఎలా వాడాలో తనే కూర్చుని చూపించాడు. స్థలం మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి కూడా. ఆయన ఎత్తకపోవడమే తార్హేలియాకు బరువుగా ఉండేది. అడిగితే ఏదో ఒకటి చెప్పవచ్చు. అడగని మనిషికి ఏం చెప్తాం.

శనివారం పనికి ఆమె వెళ్లడం తగ్గింది. పిల్లకు దుమ్ము పడదు, అది నిజమే. ఆడవాళ్లు ఒకరిద్దరు మానారు, తర్వాత ఇంకొందరు. గోతుల్లో నీళ్లు నిలిచాయి.

సంఘం సభ పెట్టింది. స్థలం ఉంచుకోవాలా, విల్యాసీస్‌కి ఇచ్చేయాలా, చేతులెత్తి తేల్చాలి. ముందురోజు మధ్యాహ్నం అబెలార్దో మేస్త్రీ ఆమె ఇంటికొచ్చాడు. చేతిలో గుడ్డమూట. అందులో అచ్చులు. ఊరంతటికీ ఒకే కొలత కోసం ఏడాదిగా చెక్కుతున్నవి. చిన్నపిల్లల కాలు నుంచి మొగవాళ్ల పెద్ద కాలు దాకా వరసగా బల్ల మీద పేర్చాడు. రొసౌరా పాకుతూ వచ్చి అన్నిట్లోకీ చిన్నదాన్ని నోట్లో పెట్టుకుంది. లాక్కోబోతే, ఉండనీ అన్నాడు.

"నిన్నేదీ అడగడానికి రాలేదమ్మా. నీ ఇబ్బంది నాకు తెలుసు" అన్నాడు. గుడ్డ మడత పెడుతూ, "నువ్వు రేపు రాకపోయినా ఏమీ అనుకోను. కానీ వస్తే మాత్రం మాట్లాడు. వచ్చి మాట్లాడకుండా కూర్చుంటే, వాళ్లు దాన్నే మాట అనుకుంటారు" అన్నాడు.

ఆ మాటతో ఆమె రాత్రంతా మెలకువగా ఉంది. తెల్లారాక ఫౌస్తో, "జ్వరం అని పడుకో. నేను చెప్తాను" అన్నాడు. అతనికీ ఎత్తడానికి చెయ్యి లేదు, అతనూ కొంపాద్రేనే. ఆమె వినలేదు. పడుకుంటే ఆడవాళ్ల ముందు మళ్లీ నిలబడలేనంది. వెళ్తాను, చెప్తాను అంది. స్థలం వదలొద్దు, ఓపిక పట్టండి, గది కట్టుకుందాం. ఈ మూడు మాటలే. దారి పొడుగునా పిల్లను చంకనేసుకుని అవే నెమరేసుకుంది.

సభ బడి ఆవరణలో రేకుల కింద. మేస్త్రీ మాట్లాడాడు. అచ్చులు చూపించాడు. సర్కారు బడుల బూట్లు మనమే కుట్టవచ్చన్నాడు, మన పిల్లలు టాక్సీలు తోలక్కర్లేదన్నాడు. ఎప్పటికి, అని ఎవరో వెనక నుంచి అడిగారు. ఆయన నిజమే చెప్పాడు, తెలియదన్నాడు. కొందరు నవ్వారు. తర్వాత ఎర్నాందో లేచాడు. రంగుల బొమ్మ చూపించాడు. అద్దాల దుకాణాలు, మెట్లు, మధ్యలో ఫౌంటెన్. పెద్దగా మాట్లాడలేదు. వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్క కుర్చీ తార్హేలియాది.

పిల్ల ఆయన్ని చూసి రెండు చేతులూ చాచింది. ఆయన ఎత్తుకున్నాడు. పిల్ల ఆయన భుజం మీద తల వాల్చి, కోటు కాలరు గుప్పిట్లో పట్టుకుని, నిమిషంలో నిద్రపోయింది.

"కుట్టుపనివాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?" అన్నాడు సభ నడిపే పెద్ద.

తార్హేలియా లేచి నిలబడింది. ఎదురుగా ఆడవాళ్లందరూ ఆమె వైపే చూస్తున్నారు. కిటికీ పక్క చోటు కోసం అలిగినావిడ కూడా. ఆమెకు మూడు మాటలూ గుర్తున్నాయి. పక్కకి చూడకూడదనుకుంది. చూసింది. పిల్ల వీపు ఆ కోటు మీద మెల్లగా లేస్తూ పడుతోంది. నోరు తెరిస్తే ఆ భుజం కదులుతుందేమోనన్నట్టు నిలబడిపోయింది.

"మావాళ్లు..." అంది. "మావాళ్లు ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటారు."

కూర్చుంది.

చేతులు లేచాయి. ఇచ్చేద్దామన్న వైపు ఆడవాళ్ల చేతులు ఒకదాన్ని చూసి ఒకటి లేచాయి. ఆమె అనుమతి ఇచ్చిందని వాళ్లు అనుకున్నారు. మేస్త్రీ ఆమె వైపు చూడలేదు. అచ్చుల్ని గుడ్డలో పెట్టి మూట కట్టుకున్నాడు. ముడి ఎంతసేపటికీ పడక, పక్కవాడు సాయం చేశాడు.

షాపింగ్ సెంటర్ అనుకున్నదాని కంటే ముందే లేచింది. ఫౌంటెన్ కూడా వచ్చింది, నీళ్లు ఎక్కువ రోజులు రాలేదు. ఎర్నాందో మాట తప్పలేదు, సభ్యులందరికీ దుకాణాలు ఇచ్చాడు. ఇచ్చాక తెలిసింది, ఆ అద్దాల వెనక అమ్ముడయ్యేది ఓడబూట్లేనని. చేతిబూటు పెడితే జనం మెచ్చుకుని, పక్క దుకాణానికి వెళ్లేవాళ్లు. ఏడాది తిరిగేసరికి అందరూ ఆయన గోదాము సరుకే పెట్టారు. కొందరికి బాగానే గడిచింది, ఇంటికి రంగులు వేయించుకున్నారు. వీధిలో మిషన్లు ఒకటొకటిగా పాత ఇనుముకి పోయాయి. కుట్టుపని ఆడవాళ్లలో దుకాణం నడపడం రాని వాళ్లు వంటపనికి, ఇళ్లు తుడిచే పనికి వెళ్లారు. వాళ్లెవరూ తార్హేలియాను తిట్టలేదు. దారిలో కనబడితే పిల్ల ఎలా ఉందని అడిగి వెళ్లిపోయేవాళ్లు.

ఆమె కూడా అద్దాల వెనక కూర్చుంది. కొనేవాళ్ల పాదానికి బూటు తొడిగేటప్పుడు బొటనవేలితో కుట్టు తడిమేది. దారం చివర విప్పుకుని బయటికి వచ్చి ఉండేది. కత్తిరించి ఇచ్చేది.

పిల్లకు ఎనిమిదో ఏడు వచ్చింది. ఆ నవంబరులో చనిపోయినవాళ్ల పండగకి, దుకాణం మూసే వేళ ఎర్నాందో వచ్చాడు. పిల్లకు మనిషి బొమ్మలా కాల్చిన రొట్టె తెచ్చాడు. సమాధుల దగ్గర అమ్మ రాయి కడిగి వస్తున్నానన్నాడు. ముసలివాడయ్యాడు. వ్యాపారం గురించి ఏదో మాట్లాడుతూ, మాటల మధ్యలో, ఈ స్థలం దొరక్కపోయినా నిజానికి తనకు ఇబ్బంది ఉండేది కాదన్నాడు. ఉత్తరం వైపు పెద్దరోడ్డు మీద ఇంకో స్థలం చేతిలో ఉండిందట. కొంచెం దూరం, అంతే.

తార్హేలియా చేతిలో తాళం ఆగింది.

"మరి అదెందుకు తీసుకోలేదు కొంపాద్రే?"

"సభ ఇది ఇస్తానంది కదా. మీరు ఆరోజు లేచి నిలబడ్డప్పుడు నేను సిద్ధపడే ఉన్నాను. వద్దంటారనుకున్నాను. అంటే ఆ రెండోదానికే పోదామనుకున్నాను." నవ్వాడు. "మీరు వద్దనలేదు."

"నన్ను ముందే అడగొచ్చుగా."

ఎర్నాందో నిజంగా ఆశ్చర్యపోయాడు. "కొంపాద్రేని అయ్యాక ఎలా అడుగుతాను? నేను అడిగితే మీరు కాదనలేరు. అది మెడ మీద కత్తి పెట్టినట్టు కాదా? అందుకే మీ ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు."

ఆయన చెప్పింది నిజమో, ఇన్నేళ్ల తర్వాత తనకు తానే చెప్పుకుంటున్న ఓదార్పో ఆయన మొహం చూసి ఆమె తేల్చుకోలేకపోయింది. ఆ మొహం ఆస్పత్రి దారిలో చూసినదే. పిల్ల రొట్టెబొమ్మ తల కొరికి, చాలా తియ్యగా ఉందని ఆయనకు ముక్క తినిపించింది. ఆయన వంగి తిన్నాడు.

ఆమె షట్టరు దింపి, తాళం వేసి, పిల్లను ఫౌస్తోకి అప్పగించి, ఇంటి నుంచి ఊదారంగు పళ్ల జావ ఒక గ్లాసు పట్టుకుని అబెలార్దో మేస్త్రీ ఉండే గదికి వెళ్లింది. ఆ పండగకి ఏటా తీసుకెళ్తుంది. దారంతా ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంది. ఆరోజు నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేదట మేస్త్రీ. ఎవరికీ కోపం వచ్చేది కాదట. స్థలం మిగిలేదట.

ఆయన గుమ్మంలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది, చేతులు పని మానేశాయి. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"పండగపూట ఇంత ఆలస్యమా? మీ కొంపాద్రే వచ్చాడేంటి?"

"వచ్చాడు."

"ఏమంటాడు?"

మాట గొంతు దాకా వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది. ఎదురుగా మసకచూపుతో తనవైపే తిరిగి ఉన్న మొహం చూసింది. తాము ఓడిపోయింది లోకం తీరు వల్లనని, తమ చేతుల్లో ఏమీ లేదని, ఇన్నేళ్లుగా ఆ మొహం ఎంతో కష్టపడి నమ్మడం నేర్చుకుంది.

"పిల్ల సంగతి అడిగాడు" అంది.

"మంచివాడే పాపం" అన్నాడు మేస్త్రీ. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. "చల్లారిపోయిందే."

"ఇటివ్వండి, వెచ్చబెట్టి తెస్తాను."

"వద్దులే, ఇలాగే బాగుంది" అంటూ ఆయన బల్ల మీద కొంచెం పక్కకి జరిగాడు. ఆమె కూర్చుంది. వీధిలో ఏ ఇంట్లోంచీ మిషను చప్పుడు లేదు. ఆయన జావ పూర్తిగా తాగాక ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది.